శాంతి ఖర్చు ఎవరి లెక్కలో?

మత్తయి సువార్త 5వ అధ్యాయం 9వ వచనం తెలుగు క్రైస్తవుల్లో చాలామందికి కంఠతా వచ్చు. "సమాధానపరచువారు ధన్యులు, వారు దేవుని కుమారులనబడుదురు." గోడ క్యాలెండర్ల మీద, సండే స్కూలు పోటీల్లో, శాంతి సభల బ్యానర్ల మీద ఈ వాక్యం తరచూ కనిపిస్తుంది. దాని పక్కనే ఉన్న 10వ వచనం అంతగా బ్యానర్లకెక్కదు. "నీతినిమిత్తము హింసింపబడువారు ధన్యులు" అని మొదలవుతుంది అది. ఈ రెండు మాటలూ పక్కపక్కనే ఉండడం ఊరికే జరిగిందనుకోలేం. తగవులో మధ్యకు వెళ్లినవాడికి ఏం ఎదురవుతుందో శిష్యులకు ముందుగానే చెప్పి పెట్టినట్టుంది ఆ వరస.

మన ప్రసంగాల్లో సమాధానపరచేవాడంటే మెత్తగా మాట్లాడేవాడు, ఎవరితోనూ మాట పడనివాడు, చివర్లో ఇద్దరి చేతులూ కలిపించి ప్రార్థన చేసేవాడు. ఈ పనిలో నిజంగా దిగినవాళ్ల జీవితాలు అలా లేవు. కొందరికి ఊరు పోయింది, కొందరికి ఉద్యోగం పోయింది, ఇంకొందరికి సొంతవాళ్ల దగ్గర మంచిపేరు పోయింది. ప్రాణం పోయినవాళ్లూ ఉన్నారు. ఇదంతా దురదృష్టం వల్ల జరిగింది కాదు, ఆ పనిలోనే ఉన్న ఖర్చు. రెండు వర్గాల మధ్య గాయం అయ్యాక, దెబ్బలు, నష్టాలు, అవమానాలు అన్నీ ఎక్కడో ఒకచోట మిగిలే ఉంటాయి. మంచి మాటలు చెప్పినంత మాత్రాన అవి కరిగిపోవు. వాటి భారం ఎవరో ఒకరు మోయాలి. శాంతి గురించి క్రైస్తవ బోధను అర్థం చేసుకోవాలంటే అడగాల్సిన మొదటి ప్రశ్న, ఆ భారం ఎవరి లెక్కలో రాస్తున్నారు అన్నదే.

రోమా శాంతి, సిలువ శాంతి

యేసు పుట్టిన కాలంలో శాంతి అనేది ప్రభుత్వ ప్రచారం. ఏళ్ల తరబడి సాగిన అంతర్యుద్ధాలను అగస్టస్ చక్రవర్తి ముగించాడు. ఆయన తెచ్చిన శాంతికి గుర్తుగా క్రీ.పూ. 9లో రోమ్ నగరంలో పాలరాతి శాంతి బలిపీఠం ప్రతిష్ఠించారు. ఆ శాంతి పాలస్తీనాకు ఎలా వచ్చిందో యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాసిపెట్టాడు. హేరోదు చనిపోయాక క్రీ.పూ. 4లో అక్కడ తిరుగుబాట్లు లేచాయి. సిరియా గవర్నరు వారస్ సైన్యంతో దిగాడు. నజరేతుకు నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న సెప్ఫోరిస్ పట్టణాన్ని తగలబెట్టారు. దాదాపు 2,000 మందిని సిలువ వేయించారు. ఆ తర్వాత ఆ ప్రాంతం సద్దుమణిగింది. రోమ్ దృష్టిలో అదీ శాంతే, కాకపోతే దాని ఖర్చంతా ఓడినవాళ్ల శరీరాల మీద వసూలు చేశారు.

ఈ నేపథ్యంలో కొలొస్సయులకు రాసిన పత్రిక మొదటి అధ్యాయంలో కనిపించే "సిలువరక్తముచేత సంధిచేసి" అన్న మాటను ఆనాటి శ్రోతలు ఎలా విని ఉంటారో ఊహించాలి. సిలువ రోమా శాంతికి పనిముట్టు. అదే పనిముట్టు ఇక్కడా ఉంది, కానీ సంధి చేయడానికి వచ్చినవాడే దాని మీద ఉన్నాడు. రక్తం శత్రువుది కాదు, మధ్యవర్తిది. క్రైస్తవ సమాధాన బోధ మొత్తం ఈ తలకిందులు చేయడం మీదే నిలబడింది. శాంతి కావాలన్నవాడు ఆ ఖర్చు ముందు తన దగ్గరినుంచి తీస్తాడు.

దీన్ని మెతకదనం అనుకోవడానికి లేదు. ఆలయంలో రూకలు మార్చేవారి బల్లలు పడదోసింది ఆయనే. "ఖడ్గమునేగాని సమాధానమును పంపుటకు నేను రాలేదు" అన్నదీ ఆయనే. ఆస్తి పంచిపెట్టమని ఒకడు వచ్చి అడిగితే, నన్ను మీమీద తీర్పరిగా ఎవరు నియమించారని తిప్పి పంపేశాడు. అంటే ప్రతి గొడవలోనూ దూరాలని కాదు. దిగిన చోట మాత్రం ఖర్చు ఇంకొకరి మీదికి తొయ్యకూడదు.

జైల్లోంచి ఒక హామీ

ఈ సూత్రం ఒక ఇంటి తగవులో ఎలా పనిచేస్తుందో ఫిలేమోనుకు రాసిన పత్రికలో కనిపిస్తుంది. పౌలు పత్రికల్లో అన్నిటికంటే చిన్నది అదే, 25 వచనాలు. ప్రసంగాల్లో దీన్ని ఎక్కువగా పట్టించుకోరు, కానీ శాంతి చేసేవాడి ఖర్చు గురించి ఇంత వివరంగా చెప్పిన భాగం కొత్త నిబంధనలో మరొకటి దొరకడం కష్టం.

పౌలు ఖైదులో ఉన్నాడు. ఫిలేమోను అనే విశ్వాసి ఇంట్లో దాసుడైన ఒనేసిము ఆయన దగ్గరికి చేరి అక్కడే విశ్వాసి అయ్యాడు. యజమానికి ఏదో నష్టం చేసి పారిపోయి వచ్చాడని సంప్రదాయంగా అర్థం చెబుతారు. పారిపోయిన దాసుడు దొరికితే కొరడా దెబ్బలు, ఒంటి మీద వాతలు రోమా సమాజంలో మామూలు. ఫిలేమోను పౌలుకు ప్రియమైన జతపనివాడు. ఒనేసిము ఆయనకు బంధకాల్లో పుట్టిన కొడుకులాంటివాడు. ఇద్దరూ సొంతవాళ్లే కావడంతో పౌలు పరిస్థితి అడకత్తెరలో పోకచెక్కలా అయింది.

ఆయన మొదట వదులుకున్నది అధికారం. నీకు ఆజ్ఞాపించే ధైర్యం నాకుంది, అయినా ప్రేమనుబట్టి వేడుకుంటున్నాను అంటాడు. ఇది మర్యాద కోసం అన్న మాట మాత్రమే కాదు. ఆజ్ఞాపిస్తే పని త్వరగా అయ్యేది, పౌలు పెద్దరికమూ నిలిచేది. వేడుకున్నాక ఫిలేమోను కాదంటే, ఆ తిరస్కారం జైల్లో ఉన్న ముసలివాడి మీద పడుతుంది. అదీ కాక ఆ ఉత్తరం ఫిలేమోను ఒక్కడికే రాసింది కాదు, ఆయన ఇంట్లో కూడే సంఘానికి కూడా రాసింది. కాదంటే ఆ మాట అందరి ముందూ కాదన్నట్టే.

తర్వాత వదులుకున్నది తోడు. తనకు ఉపచారం చేయడానికి ఒనేసిమును తన దగ్గరే ఉంచుకోవాలనుకున్నానని దాచుకోకుండా రాశాడు. తన ప్రాణంలాంటివాణ్ణి పంపుతున్నానన్నాడు. ఖైదులో ఉన్న మనిషికి పక్కన ఒక మనిషి ఉండడం ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత డబ్బు. 18వ వచనంలో పౌలు అన్న మాట ఇది: "అది నా లెక్కలో చేర్చుము." ఒనేసిము నీకు ఏ నష్టం చేసినా, నీకు ఏం బాకీ ఉన్నా నా పేరున రాసుకో అని. ఆ వెంటనే, ఇది నా చేత్తో నేనే రాస్తున్నాను, నేనే తీరుస్తాను అంటాడు. అప్పటి వ్యాపార పత్రాల్లో సొంత చేతిరాతతో ఇచ్చిన హామీకి బలం ఉండేది. ఆదాయం లేని ఖైదీ ప్రామిసరీ నోటు రాసిచ్చినట్టే ఇది.

గమనించాల్సిన విషయం ఇంకొకటుంది. బాకీ లేదని పౌలు అనలేదు. దాన్ని మర్చిపొమ్మని ఫిలేమోనును కోరలేదు. క్షమించెయ్, క్రైస్తవుడివి కదా అని ఒత్తిడి చేయలేదు. నష్టాన్ని నష్టంగా ఒప్పుకుని, దాన్ని తన ఖాతాకు మార్పించుకున్నాడు. ఇకమీదట దాసుడిగా కాక ప్రియ సహోదరుడిగా చేర్చుకో అన్న అసలు కోరిక బయటపెట్టిన వెంటనే ఈ హామీ ఇచ్చాడు. ఆ కోరిక ఫిలేమోనుకు చాలా ఖరీదైనది. తన ఇంటి దాసుణ్ణి తనతో సమానంగా బల్ల దగ్గర కూర్చోబెట్టమన్నట్టు. ఇంకొకరిని అంత అడగాలంటే తన చెయ్యి కూడా తెరవాలని పౌలుకు తెలుసు.

అయినా ఈ కథలో అన్నిటికంటే పెద్ద ప్రమాదం పౌలుది కాదు, ఒనేసిముది. తిరిగి యజమాని గడపకు నడిచి వెళ్లాల్సింది అతనే. ఉత్తరం పనిచేయకపోతే దెబ్బలు పడేది అతని వీపు మీదే. పౌలు హామీ దీన్ని తగ్గిస్తుందే గాని పూర్తిగా తీసెయ్యదు. ఈ పత్రికను ప్రేమించే వాళ్లు కూడా ఈ ఇబ్బందిని దాటవేయకూడదు. ఎందుకంటే తర్వాతి కాలంలో దీన్ని వాడుకున్న తీరు సరిగ్గా ఈ చోటే దారి తప్పింది.

ఇద్దరూ క్రైస్తవులే అయిన చోట

ఈ బోధకు ఇటీవలి కాలంలో అతి కఠినమైన పరీక్ష ఉత్తర ఐర్లాండ్‌లో జరిగింది. బ్రిటన్‌తోనే ఉండాలనే ప్రొటెస్టెంట్లు ఒకవైపు, ఐర్లాండ్‌లో కలవాలనే క్యాథలిక్కులు ఇంకోవైపు. 1960ల చివరి నుంచి 1998 వరకు దాదాపు 3,500 మంది చనిపోయారు. రెండు వైపులా ఆదివారం గుడికి వెళ్లేవాళ్లే, కొండమీది ప్రసంగం చదివేవాళ్లే. కాబట్టి అక్కడ సమాధానపరచడం అంటే పక్క మతం వాళ్లతో మంచిగా ఉండడం గురించిన చర్చ కాదు. తమ బైబిలే తమను నిలదీసిన సందర్భం.

లిమవాడీ అనే చిన్న పట్టణంలో డేవిడ్ ఆర్మ్‌స్ట్రాంగ్ ప్రెస్బిటేరియన్ (ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ) పాస్టరు. ఆయన చర్చికి ఎదురుగానే క్యాథలిక్ చర్చి. 1981లో ఆ క్యాథలిక్ చర్చి మీద బాంబు దాడి జరిగితే ఆయన వెళ్లి పరామర్శించాడు. తర్వాత ఒక క్రిస్మస్ రోజున రోడ్డు దాటి వెళ్లి అక్కడి విశ్వాసులకు పండగ శుభాకాంక్షలు చెప్పాడు. ఆయన చేసింది ఇంతే. దానికి ఆయన సంఘంలోని కొందరు పెద్దలే ఎదురు తిరిగారు. బెదిరింపులు వచ్చాయి, ఇంట్లో భార్యాపిల్లలు భయంతో బతకాల్సి వచ్చింది. 1985లో ఆయన ఆ సంఘం వదిలి కుటుంబంతో ఇంగ్లండ్ వెళ్లిపోయాడు. తర్వాత ఆంగ్లికన్ గురువుగా ఐర్లాండ్ దక్షిణాన, కార్క్ ప్రాంతంలో సేవ చేశాడు.

ఇక్కడ దెబ్బ ఏ వైపునుంచి వచ్చిందో చూడాలి. రోడ్డుకు అవతలివాళ్లు ఆయన్ను ఏమీ అనలేదు. వెళ్లగొట్టింది ఇవతలివాళ్లే. సమాధానపరచేవాళ్ల జీవితాల్లో ఇది మళ్లీ మళ్లీ కనబడుతుంది. మోషే విషయంలోనూ అంతే. పోట్లాడుకుంటున్న ఇద్దరు హెబ్రీయులను ఆపబోతే, "మామీద నిన్ను అధికారినిగాను తీర్పరినిగాను నియమించినవాడెవడు?" అని ఎదురు ప్రశ్న వేసింది సొంత జాతివాడే. ఆ తర్వాత మోషే దేశం వదిలి మిద్యానుకు పారిపోవలసి వచ్చింది.

దీనికి కారణం లోతైనది. దెబ్బతిన్న ప్రతి వర్గమూ ఒక మాట మీద కలిసి ఉంటుంది: మన బాధే అసలు బాధ, వాళ్లది నటన. మధ్యవర్తి అవతలివాళ్ల మాట విన్న క్షణంలో, ఎవరూ రాసుకోని ఆ ఒప్పందాన్ని ఉల్లంఘిస్తాడు. అతను ఏ పక్షమూ మారకపోయినా సరే, అవతల కూడా కన్నీళ్లున్నాయని అన్నందుకే ద్రోహి అవుతాడు. శత్రువు చేసే దాడికి సొంతవాళ్ల ఓదార్పు ఉంటుంది. సొంతవాళ్ల అనుమానానికి ఓదార్పు ఇచ్చేవాళ్లు ఎవరూ ఉండరు. ఈ ఒంటరితనమే ఆ ఖర్చులో అన్నిటికంటే పెద్ద భాగం, బయటికి కనబడనిది కూడా అదే.

బెల్‌ఫాస్ట్‌లోని క్లోనార్డ్ మఠానికి చెందిన ఫాదర్ అలెక్ రీడ్ కథ దీనికి ఇంకో వైపు. బ్రిటన్ పాలన పోవాలని ఆయుధాలు పట్టిన ఐ.ఆర్.ఏ. సాయుధులు, వాళ్ల రాజకీయ విభాగం సిన్ ఫెయిన్ నాయకులు మాట్లాడదగినవాళ్లు కాదని అందరూ అనుకుంటున్న రోజుల్లో ఆయన వాళ్లకూ ఇతర నాయకులకూ మధ్య రహస్యంగా కబుర్లు మోశాడు. 1988 మార్చి 19న ఒక అంత్యక్రియల ఊరేగింపులోకి సాధారణ దుస్తుల్లో ఉన్న ఇద్దరు బ్రిటిష్ సైనికుల కారు వచ్చింది. గుంపు వాళ్లను బయటికి లాగి కొట్టింది. రీడ్ వాళ్ల పక్కనే నేల మీద పడుకుని కాపాడబోతే, లేవకపోతే నిన్నూ కాలుస్తామని లాగేశారు. కాల్పుల తర్వాత ఆయన వెతుక్కుంటూ వెళ్లి, కొన ఊపిరి ఉందేమోనని నోటితో శ్వాస అందించబోయాడు, చనిపోయేవాళ్లకు క్యాథలిక్ గురువు చేసే అంత్య అభ్యంగనం ఇచ్చాడు. మోకాళ్ల మీద ఉన్న ఆయన ఫోటో ప్రపంచమంతా చూసింది. ఆ సమయంలో ఆయన దగ్గర ఒక కవరు ఉందన్నది చాలా కాలం తర్వాత గాని తెలియలేదు. సిన్ ఫెయిన్ నాయకత్వం నుంచి, హింసను వ్యతిరేకించే క్యాథలిక్ పక్ష నాయకుడు జాన్ హ్యూమ్‌కు చేర్చాల్సిన శాంతి ప్రతిపాదన అది. కవరుకు రక్తం అంటింది. ఆయన కవరు మార్చి, కాగితాలు చేర్చాల్సిన చోటికి చేర్చాడు.

ఆ రోజు చూసినదాని తర్వాత, ఆ చంపినవాళ్లకు సంబంధించిన వర్గంతోనే మళ్లీ మాట్లాడడం ఎంత కష్టమో ఆలోచిస్తే సమాధానపరచడం అనే మాట బరువు తెలుస్తుంది. పైగా ఆ పని చెప్పుకోవడానికి లేదు. హంతకులతో కూర్చుంటున్నాడన్న మాట పడాలి, ఎందుకు కూర్చుంటున్నాడో వివరించకూడదు.

జాన్ హ్యూమ్ ఆ మాటలు బహిరంగంగానే పడ్డాడు. యవ్వనంలో క్యాథలిక్ గురువు కావడానికి చదివి ఆ దారి మార్చుకున్న మనిషి. సిన్ ఫెయిన్ నాయకుడితో చర్చలు జరుపుతున్నందుకు 1993లో పత్రికలు ఆయన్ను వారాల తరబడి దుయ్యబట్టాయి. ఒత్తిడికి ఆసుపత్రిలో చేరాల్సి వచ్చింది. 1994లో కాల్పుల విరమణ, 1998 ఏప్రిల్ 10న గుడ్ ఫ్రైడే శాంతి ఒప్పందం, అదే ఏడాది ప్రొటెస్టెంట్ల వైపు నాయకుడు డేవిడ్ ట్రింబుల్‌తో కలిపి నోబెల్ శాంతి బహుమతి వచ్చాయి. తర్వాత కొద్ది ఏళ్లకే హ్యూమ్ పార్టీని సిన్ ఫెయిన్ దాటేసింది. రెండో వైపున ఒప్పందానికి ఒప్పుకున్న ట్రింబుల్ 2005లో సొంత సీటే పోగొట్టుకున్నాడు. ఒప్పందం బతికింది, దాన్ని తెచ్చిన పార్టీలు రెండూ వెనకబడిపోయాయి.

గోర్డన్ విల్సన్ వేరే రకం మనిషి. ఎన్నిస్కిల్లెన్‌లో బట్టల దుకాణం నడిపే మెథడిస్టు విశ్వాసి. 1987 నవంబరు 8న యుద్ధ మృతుల స్మారక సభలో ఐ.ఆర్.ఏ. బాంబు పేలి 11 మంది చనిపోయారు. ఆయనా, నర్సుగా పనిచేస్తున్న 20 ఏళ్ల కూతురు మేరీ శిథిలాల కింద చేతులు పట్టుకుని ఉన్నారు. ఆమె బతకలేదు. ఎవరి మీదా కక్ష లేదని, చేసినవాళ్ల కోసం ప్రార్థిస్తానని కొన్ని గంటలకే ఆయన బి.బి.సి.తో అన్నాడు. దేశమంతా ఆ గొంతు విని కదిలిపోయింది. కానీ అదే పట్టణంలో ఇతర బాధిత కుటుంబాల్లో కొందరికి ఆ మాట మింగుడుపడలేదు. మా తరఫున క్షమించే హక్కు ఆయనకు ఎవరిచ్చారన్న ప్రశ్న వచ్చింది. అది న్యాయమైన ప్రశ్నే. విల్సన్ తన కూతురి మరణం గురించి మాత్రమే మాట్లాడగలడు, అంతకుమించి కాదు. 1993లో ఆయన ఐ.ఆర్.ఏ. ప్రతినిధులను కలిసి హింస మానమని బతిమాలాడు. వాళ్లు ఒప్పుకోలేదు. అమాయకుడని కొందరు అన్నారు. 1995లో ఆయన చనిపోయేనాటికి తుది ఒప్పందం ఇంకా మూడేళ్ల దూరంలో ఉంది.

ఇంకొకరి ఖాతాలో రాయడం

ఇప్పుడు దారి తప్పిన చోటికి రావాలి. అమెరికాలో బానిసత్వం ఉన్న రోజుల్లో ఫిలేమోను పత్రిక యజమానులకు ఇష్టమైన పాఠ్యభాగం. పారిపోయిన బానిసను అపొస్తలుడే తిరిగి పంపాడు కదా అని వాదించేవాళ్లు. 1830ల్లో జార్జియాలో చార్లెస్ కోల్‌కాక్ జోన్స్ అనే ప్రెస్బిటేరియన్ ప్రసంగీకుడు నల్లజాతి బానిసల సభలో ఈ పత్రికను తీసుకుని పారిపోకూడదని బోధించాడు. వింటున్నవాళ్లలో సగం మంది లేచి వెళ్లిపోయారని, మిగిలినవాళ్లలోనూ చాలామంది అసంతృప్తిగానే ఉన్నారని ఆయనే స్వయంగా నివేదికలో రాసుకున్నాడు.

లేచి వెళ్లిన ఆ మనుషులు పత్రికను జోన్స్ కంటే బాగా అర్థం చేసుకున్నారని చెప్పాలి. ఎందుకంటే జోన్స్ బోధలో 18వ వచనం స్ఫూర్తి లేదు. శాంతి కావాలన్నది యజమానులు, బోధించింది ఆయన, ఖర్చు మాత్రం బానిసలది. పౌలు తన లెక్కలో రాయించుకున్నదాన్ని ఆయన ఒనేసిము లెక్కలో రాశాడు. అది వారస్ తెచ్చిన శాంతికి దగ్గర, సిలువ శాంతికి దూరం. "సమాధానములేని సమయమున సమాధానము సమాధానమని" చెబుతూ ప్రజల గాయాన్ని పైపైన మాత్రమే బాగుచేసే ప్రవక్తల మీద యిర్మీయా కోపం కూడా దీని గురించే.

ఈ తప్పు అమెరికాకే పరిమితం కాదు. తెలుగు సంఘాల్లోనూ ఇది రోజూ జరుగుతోంది, పైగా ఎంతో భక్తిగా జరుగుతోంది. భర్త కొడుతున్నాడని ఒక స్త్రీ అయ్యగారి దగ్గరికి వస్తుంది. ఓర్చుకో అమ్మా, ప్రార్థన చెయ్యి, నువ్వు తగ్గితే ఇంట్లో సమాధానం ఉంటుంది అని చెప్పి పంపుతారు. అయ్యగారికి ఆ రోజు టెన్షన్ తగ్గుతుంది, సంఘం పరువు నిలుస్తుంది, భర్తకు ఏ ఇబ్బందీ ఉండదు. ఆమె మాత్రం ఆ ఇంటికే తిరిగి వెళ్తుంది. ఊళ్లో గొడవ జరిగి దెబ్బతిన్నవాళ్లు కేసు పెడితే, క్రైస్తవులు కోర్టుకెక్కకూడదు, రాజీ పడండి అని వాక్యం ఎత్తి చెప్పేవాళ్లు ఉంటారు. ఇదంతా సమాధానపరచడం అనే పేరుతోనే నడుస్తుంది. దీనికి ఆ పేరు తగదు. ఇందులో మధ్యవర్తి చేతినుంచి రూపాయి పోలేదు. పోయిందంతా ఎప్పటిలాగే బలహీనులది.

సువార్తల్లో జక్కయ్య ఇంట్లో ఏం జరిగిందో చూస్తే తేడా తెలుస్తుంది. ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకుని ఉంటే నాలుగంతలు తిరిగి ఇస్తానని నష్టం చేసినవాడే లేచి నిలబడి చెప్పాడు. మత్తయి 18వ అధ్యాయం తప్పును మొహమాటం లేకుండా ఎత్తి చూపమంటుంది. ముందు ఒంటరిగా, వినకపోతే సాక్షులతో, అప్పటికీ వినకపోతే సంఘం ముందు. ఈ క్రమంలో దెబ్బతిన్నవాళ్లు నోరుమూసుకోవడమన్న మెట్టు ఎక్కడా లేదు. విల్సన్ లాంటివాళ్లు తమంతట తాము ఇచ్చిన క్షమాపణ గొప్పదే. కానీ దాన్ని చూపించి ఇంకో తల్లిదండ్రులను నువ్వెందుకు క్షమించవని అడిగిన క్షణంలో అది బలవంతపు వసూలు అవుతుంది.

అందుకే ఎవరైనా శాంతి పేరుతో మధ్యకు వచ్చినప్పుడు ఆ మనిషి ఏం పోగొట్టుకోవడానికి సిద్ధపడ్డాడో అడగడం తప్పు కాదు. ఆ భర్త ముందు నిలబడి మాట్లాడి అతని కానుకను, అతని అభిమానాన్ని పోగొట్టుకోవడానికి సిద్ధపడిన పాస్టరు సమాధానపరచేవాడు. ఆమె ఉండడానికి చోటు చూపించి, కావాలంటే పోలీసు స్టేషనుకు తోడు వెళ్లి, ఇల్లు కూల్చాడన్న నింద మోసే పాస్టరమ్మ సమాధానపరచేది. అలాంటివాళ్లు మన ఊళ్లలో లేకపోలేదు, వాళ్ల పేర్లు మాత్రం సభల్లో వినపడవు.

ఒక్కడి భుజం మీద

అయితే ఆర్మ్‌స్ట్రాంగ్ భార్యాపిల్లల సంగతేమిటి? రోడ్డు దాటాలన్న నిర్ణయం ఆయనది. బెదిరింపు వచ్చింది ఇంటిల్లిపాదికీ. సమాధానపరచేవాడు తన లెక్కలోనే రాసుకున్నాననుకున్నా, ఆ బిల్లులో కొంత భాగం అడగకుండానే అతని ఇంటివాళ్ల పేరున పడుతుంది. దీనికి తేలికైన జవాబు లేదు. కనీసం ఇంట్లో వాళ్లకు ముందుగా తెలిసి ఉండాలి, వాళ్లకూ ఆ నిర్ణయంలో మాట ఉండాలి. "శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు" అని రోమా పత్రికలో పౌలు పెట్టిన హద్దును ఈ సందర్భంలో కూడా గుర్తుంచుకోవాలి.

దానికంటే పెద్ద విషయం సంఘం బాధ్యత. తెలుగు రాష్ట్రాల్లో సంఘ ఎన్నికలు, ఆస్తి తగాదాలు, రెండు వర్గాల కోర్టు కేసులు కొత్తవేం కాదు. రెండు గ్రూపుల మధ్య మాట్లాడబోయిన యువ పాస్టరుకు ఏమవుతుంది? ఒక గ్రూపు కానుకలు ఆపుతుంది, ఇంకో గ్రూపు పైవాళ్లకు ఫిర్యాదు చేస్తుంది, చివరికి ట్రాన్స్‌ఫర్. అతను చేసిన ప్రయత్నాన్ని సంఘం సొంత ప్రయత్నంగా ఒప్పుకుని ఉంటే, అతనితో ఇద్దరు పెద్దలను పంపి ఉంటే, జీతం ఆగకుండా చూసి ఉంటే ఆ దెబ్బ అతని ఒక్కడి మీదే పడేది కాదు.

మిజోరంలో 1966 నుంచి ఇరవై ఏళ్లు సాగిన సాయుధ పోరాటం ముగిసినప్పుడు ఇలాంటి పంపకం ఒకటి జరిగింది. 1986 జూన్ 30న ఒప్పందం కుదిరింది. అప్పటికి ఎన్నికైన ముఖ్యమంత్రి లాల్ థన్‌హవ్లా. తిరుగుబాటు నాయకుడు లాల్‌డెంగాకు ఆ కుర్చీ ఇవ్వడం కోసం ఆయన ఆగస్టులో రాజీనామా చేసి, లాల్‌డెంగా కిందే ఉప ముఖ్యమంత్రిగా పనిచేశాడు. క్రైస్తవులు అత్యధికంగా ఉన్న రాష్ట్రమది. అక్కడి ప్రెస్బిటేరియన్, బాప్టిస్టు సంఘాలు చాలా ఏళ్లుగా శాంతి కోసం ప్రయత్నిస్తూనే ఉన్నాయి. పదవి వదిలింది ఒక్కరే అయినా, అలా వదలడం ఓటమి కాదనే వాతావరణం తయారు కావడంలో ఆ ప్రయత్నాల పాత్ర ఉంది.

నాగాలాండ్‌లో కథ ఇంత సాఫీగా సాగలేదు. 1964లో అక్కడి బాప్టిస్టు సంఘాల మండలి చొరవతో జయప్రకాశ్ నారాయణ్, అస్సాం ముఖ్యమంత్రి బిమలా ప్రసాద్ చలిహా, ఆంగ్లికన్ గురువు మైఖేల్ స్కాట్ సభ్యులుగా శాంతి బృందం ఏర్పడింది. ఆ సెప్టెంబరులో భారత ప్రభుత్వానికీ నాగా తిరుగుబాటుదారులకూ మధ్య కాల్పుల విరమణ అమల్లోకి వచ్చింది. 1966 కల్లా జె.పి., చలిహా తప్పుకున్నారు. స్కాట్‌ను భారత ప్రభుత్వం దేశం నుంచి పంపించేసింది. ముగ్గురి బృందం చెదిరిపోయింది కానీ పిలిచిన మండలి మిగిలింది. 2008లో రెవరెండ్ వాటి అయర్ అనే ఆయన కన్వీనర్‌గా సంఘాలు, గిరిజన సంస్థలు, పౌర సంఘాలు కలిసి నాగా సమాధాన వేదికను మొదలుపెట్టాయి. ఒకరినొకరు చంపుకుంటున్న నాగా వర్గాలను ఒకచోట కూర్చోబెట్టడం దాని పని. 2009 జూన్‌లో మూడు ప్రధాన వర్గాల అగ్రనాయకులు ఒక సమాధాన నిబంధన మీద సంతకాలు చేశారు. ఆ తర్వాత వర్గాలు మళ్లీ చీలాయి, మళ్లీ మాట్లాడించాల్సిన అవసరం వచ్చింది. ఆ పని ఏ ఒక్క పాస్టరు పేరు మీదా లేదు కాబట్టి, ఒకరు అలసిపోయినచోట ఇంకొకరు అందుకోవడానికి వీలైంది.